మొలతాటి ముద్ర

ఆయన చెప్పిన సంగతుల్లో పరిశీలనకు లొంగినవి పదకొండు. వాటిలో నాలుగు నిజమని తేలాయి, ఆరు అబద్ధమని తేలాయి. మిగిలిన ఆ ఒక్కదాని కోసమే ఇదంతా రాస్తున్నాను.

మొన్న శుక్రవారం మధ్యాహ్నం జగిత్యాల దగ్గరి ఊరి నుంచి ఆయన మేనల్లుడు ఫోనులో తన గొంతు రికార్డు చేసి పంపాడు. "సారూ, మా మామ పోయిండు. పొద్దుగాల చాయ తాగిండు, పానం మంచిగ లేదని గోడకు ఆనుకోని కూసున్నడు, గంతే." అది విన్న వెంటనే నాకు దుఃఖం కలగలేదు. ఏ గోడకు ఆనుకున్నాడా అన్న అనుమానం కలిగింది. నలభై ఏళ్ళ పనిలో ఎన్నడూ తాను పరులు కట్టిన గోడకు ఆనుకోలేదని ఆయన చెప్పుకునేవాడు. ఇది అబద్ధమని తేలిన ఆరింటిలో ఒకటి. మా ప్రయోగశాల ప్రహరీకి ఆనుకొని గురక పెడుతుండగా స్వయంగా చూశాను. దుఃఖం తరువాత వచ్చింది, ఆలస్యంగానైనా సరైన మోతాదులోనే వచ్చింది.

సౌదీలో ఖతీఫ్‌కు వెళ్ళే దారిలో ఉన్న ఒక చిన్న పరీక్షశాలలో సిమెంటు, ఇసుక, కాంక్రీటు నమూనాలను పరీక్షించి, వాటి గురించి వాటి యజమానులు చెబుతున్నది నిజమో కాదో రాయడం నా ఉద్యోగం. అనంతపురంలో భూగర్భశాస్త్రం చదివాను. "కడిగిన ఇసుకే సార్" అని ప్రమాణం చేసినవాడి ఇసుకను గాజు గొట్టంలో నీళ్ళు పోసి నిలబెడితే అడుగున ఎంత మన్ను దిగుతుందో పదిహేడేళ్ళుగా చూస్తున్నాను. అందువల్ల ఎవరు ఏ మాట చెప్పినా, దాన్ని కూడా ముందు గొట్టంలో పోసి కాసేపు నిలబెట్టే అలవాటు అబ్బింది. ఈ అలవాటు వల్ల స్నేహితులు తగ్గారు. మిగిలిన కొద్దిమందిలో ఆయన ఒకడు.

మా భవనం మరమ్మతులు చూసే కంపెనీలో ఆయన తాపీ మేస్త్రి. పక్క వీధిలోని పనివాళ్ళ క్యాంపులో అందరూ 'కాక' అనేవారు, నేను 'మేస్త్రీ' అనేవాణ్ణి. ఏ గదిలోకి వచ్చినా మనుషులను పలకరించేవాడు కాదు. గుమ్మంలో ఆగి, ఒక కన్ను మూసి, ఎదురు మూలను కింది నుంచి పై దాకా చూసేవాడు. మూల నిటారుగా ఉంటే అప్పుడు "మంచిగున్నవా సారూ" అనేవాడు. లేకపోతే ఆ ప్రశ్న ఉండేది కాదు. మనం మాట్లాడుతుంటే వంగి నేలమీది పలకలను వేలి కణుపుతో తట్టుతూ వినేవాడు. కింద బోలుగా ఉన్న పలక తగిలినప్పుడు తలెత్తి మన ముఖం వైపు చూసేవాడు. ఆ చూపులో బోలు పలకదా మన మాటదా అన్నది నేను ఎప్పటికీ నిర్ధారించలేకపోయాను.

ఆయన సూక్తి ఒకటుంది. "కంటికి నిటారుగున్నది గుండుకు నిటారుగుంటదని లేదు." తాపీ పనివాళ్ళు దారానికి గుండు కట్టి వేలాడదీసి గోడ వంకర చూస్తారు కదా, ఆ గుండు. శాస్త్రపద్ధతి గురించి ఇంత పొట్టిగా చెప్పిన వాక్యం నాకు విశ్వవిద్యాలయంలో తగలలేదు. కాకపోతే ఆ గుండును ఆయన తన కథల మీద ఒక్కసారైనా వేలాడదీయలేదు.

ఆ కథలన్నీ ఇరాక్‌వి. యుద్ధం రోజుల్లో కువైట్‌లో వంట పని అని ఒక ఏజెంటు తీసుకెళ్ళి, సరిహద్దు దాటించి, ఒక విదేశీ సైనిక శిబిరంలో దించాడట. ఆ శిబిరం పాత మట్టిదిబ్బ పక్కన ఉంది. వంటకు బదులు చేతికి పార ఇచ్చి, దిబ్బ తవ్వి సంచులు నింపమన్నారట. తూటాలకు అడ్డుగా గుడారాల చుట్టూ పేర్చే సంచులు.

"ఆ మట్టిల సగం కుండ పెంకులే సారూ," అనేవాడు. "ఎన్ని వేల ఏండ్ల కిందటి కుండలో! ఒక్కొక్క పెంకు మీద గీతలు, పూలు. ఇదేందిరా అని మా సూపర్‌వైజర్ని అడిగితే, నింపు నింపు అన్నడు. గవే నింపినం. ఎవ్వడో పాపం నీళ్ళు తాగనీకె చేసుకున్న కుండ, గోలీలకు అడ్డం పెట్టినం."

ఇది నమ్మలేదు. తరువాత ఆ దేశపు ప్రాచీన స్థలాల మీద వచ్చిన రచనలు తిరగేస్తే అటువంటి సంచులు నిజమేనని తేలింది. పాత ఇటుకలను తారుతో అతికేవారని ఆయన చెప్పినదీ నిజమే. కానీ ఆ ఇటుకలు శుక్రవారం నాడు బరువెక్కుతాయన్నది నిజం కాదు. యూఫ్రటీసు నీళ్ళతో చాయ కాస్తే చక్కెర అక్కర్లేదన్నదీ కాదు. ఆ నాటి కట్టడాలను ఆయన ఏదో పోటీ కంపెనీ పనిలా అంచనా వేసేవాడు. "ఆ గ్యాంగు మంచి గ్యాంగు సారూ. పునాది దగ్గర తొందర పడలే. గానీ నీళ్ళు పోయే దారి సరిగ పెట్టలే." ఒక మహా నాగరికత పతనానికి పండితులు చెప్పే కారణాల పక్కన ఈ కారణం మరీ తీసికట్టుగా ఏమీ లేదు.

ఒకరోజు మా ప్రయోగశాల స్నానాల గదిలో నేల పగిలితే ఆయన వచ్చి సరిచేశాడు. పచ్చి సిమెంటు మీద కాలు పెట్టకుండా తొంగిచూస్తే, తొట్టి కింద మూలన, అర వేలెడు ఎత్తున ఒక బొమ్మల వరుస కనబడింది. కుర్చీలో కూర్చున్న ఒక గడ్డపాయన, ఎదురుగా చేతులెత్తి నిలబడ్డ మనిషి, పక్కన మేక, పైన నెలవంక. మళ్ళీ గడ్డపాయన, మళ్ళీ మనిషి, మళ్ళీ మేక.

"మేస్త్రీ, ఇవేం బొమ్మలు? ఎవురు ఏసినారు?"

"ఏం బొమ్మలు సారూ? నాకేం గనవడతలేవు."

అప్పుడే టీ తెచ్చిన మా డ్రైవర్ రఫీక్ నవ్వాడు. రఫీక్‌ది హైదరాబాదు. క్యాంపులో కాక పక్క మంచమే అతనిది. "సార్, కాకా నడుములో పూరా మ్యూజియం ఉంది. అడగండి, చూపిస్తాడు. నాకైతే రోజూ పొద్దున ఫ్రీ షో."

మేస్త్రి చొక్కా పైకెత్తాడు. మొలతాటికి, మనవాళ్ళు రాగి తాయెత్తు కట్టుకునే చోట, చిటికెన వేలిలో సగం పొడవున్న నల్లటి రాతి గొట్టం వేలాడుతోంది. చుట్టూ చెక్కడం. పచ్చి మట్టి మీద దొర్లిస్తే బొమ్మల పట్టీ పడుతుంది. రెండు నదుల మధ్య దేశంలో వేల ఏళ్ళ కిందట వర్తకులు, అధికారులు సరుకు మూటల మీద ఇలాంటి రాళ్ళతోనే ముద్ర వేసేవారు. మేస్త్రి దాన్ని సంచుల మట్టిలో ఏరుకున్నాడట. పొడవునా రంధ్రం ఉండటం చూసి, దేవుడు తాయెత్తు కోసమే పంపాడని తీర్మానించి, మొలకు కట్టుకున్నాడు. ఆ నడుముతోనే మూడు విమానాశ్రయాలు దాటాడు. ఏ దేశపు తనిఖీవాడూ మొలతాడును ప్రశ్నించలేదు.

ఇలాంటి నకిలీ రాళ్ళు బజారులో దండిగా దొరుకుతాయి. సైనికులకు అమ్మడానికి చేసినవి మరీ ఎక్కువ. కాబట్టి భూతద్దం తెచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాను. పాత రాళ్ళలో రంధ్రాన్ని తరచు రెండు వైపుల నుంచీ తొలిచేవారు. మధ్యలో కలిసేచోట కాస్త మెలిక ఉంటుంది. యంత్రంతో చేసినదైతే సూటిగా ఉంటుంది. మేస్త్రి చొక్కా పట్టుకొని నిలబడ్డాడు. ఆయన బొడ్డుకు బెత్తెడు దూరంలో నా ముఖం ఉంది. సరిగ్గా ఆ సమయానికి మా ముదీర్, అంటే మేనేజరు, తలుపు తీశాడు. మమ్మల్ని చూశాడు. ఒక్క మాటైనా అనకుండా, చాలా మర్యాదగా తలుపు మూసి వెళ్ళిపోయాడు. ఆ విషయం మా మధ్య ఇంతవరకూ చర్చకు రాలేదు.

రంధ్రం నిండా దారం ఉండటం వల్ల ఏమీ తెలియలేదు. "దారం విప్పండి మేస్త్రీ, ఒక్క నిమిషం," అన్నాను.

"పెండ్లాం బతికుండంగ మొలతాడు ఇప్పుతనా? దానికేమన్న అయితే నీ బాధ్యతనా?"

"ఏంటికైతాది? దారానికి, మీ ఆమె ఆరోగ్యానికి సంబంధమేముండాది?"

"నీకు పెండ్లయిందా సారూ?"

"అయింది."

"గట్ల మాట్లాడవడితివి, కాలేదనుకున్న."

ఆ రాయే తన ప్రాణం కాపాడిందని ఆయన నమ్మకం. ఒక సాయంత్రం వాళ్ళ గుడారం మీద రాకెట్ పడింది. ఆయన బయట ఉన్నాడు. లోపల ఉన్నవారిలో ఇద్దరు లేవలేదు.

"మిగతావాళ్ళకు తాయెత్తులు లేవా మేస్త్రీ?"

"ఉన్నయి. ఆళ్ళయి రాగియి సారూ. గిది రాయి."

"మరి మీరు ఆ పొద్దు బయటికేంటికి పోయినారు?"

ఆయనకు బదులు, క్యాంపులో ఆ సంగతి విన్న రఫీక్ చెప్పాడు. ఆ రోజు మధ్యాహ్నం శిబిరంలో పెట్టిన రాజ్మా కూర పడక కాకకు కడుపు చెడింది, బకెట్టు పట్టుకొని పరుగెత్తాడు. కాబట్టి రక్షించిన ఘనత రాజ్మాకే దక్కాలని నేను వాదించాను. రఫీక్ నవ్వాడు. మేస్త్రి నవ్వలేదు. వంగి నేలను తట్టుతూ, "ఆ ఇద్దరు గుడ తిన్నరు సారూ అదే కూర," అన్నాడు. నా వాదంలో తప్పేమీ లేదు, కానీ దాన్ని మళ్ళీ ఎత్తలేదు.

ఆ బొమ్మల వరుస మా స్నానాల గదికే పరిమితం కాదు. ఖతీఫ్ చుట్టుపక్కల ఆయన చేసిన ప్రతి పనిలోనూ, ఎవరికీ కనబడని చోట, తొట్ల కింద, మురుగు గుంటల లోపల, నీళ్ళ ట్యాంకుల వెనక, పచ్చి సిమెంటు మీద ఆ గడ్డపాయన కూర్చున్నాడు. ఎందుకని అడిగితే ఆయన చెప్పిన జవాబు ఇది.

"బిల్డింగు మీద ఓనరు ఖఫీలు పేరు రాత్తరు. కంపెనీ పేరు రాత్తరు. ఆ ఇరాకుల ఇటుకల మీద రాజు పేరు కొట్టిన్రట. ఒక్క మేస్త్రి పేరన్న ఉన్నదా ఏడనన్న? నాకు రాయరాదు. గందుకే గిది."

నిరుడు ఆయన ఫైనల్ ఎగ్జిట్ వేయించుకున్నాడు, అంటే ఇక తిరిగి రాని ప్రయాణం. టికెట్టు గురువారానికి. అరవై దాటాయి, చక్కెర జబ్బు, మోకాళ్ళ నొప్పులు. కానీ అసలు కారణం వేరు. ఊళ్ళో ఆయన పన్నెండేళ్ళ కిందట కొత్త ఇల్లు కట్టించాడు. కప్పు వేశారు, తలుపులు పెట్టారు, గోడలకు మాత్రం లోపలా బయటా ప్లాస్టరింగ్ లేదు. వేరే మేస్త్రి చేయి తగలడానికి వీల్లేదన్నది ఆయన శాసనం. సెలవు మీద వెళ్ళిన ప్రతిసారీ పెళ్ళిళ్ళు, చావులు, జ్వరాలు. పన్నెండేళ్ళుగా ఆ ఇల్లాలు ఎర్ర ఇటుకలు చూస్తూ అన్నం తింటోంది. ఫోనులో ఆమె గొంతు ఎంత గట్టిదంటే, మాటలు నాకు కూడా వినబడేవి. "ఊరంతటికి గోడలు పూసినవు, నా ఇంటికి సున్నం దిక్కులేదు!" ఈసారి ఏమైనా సరే ఆ గోడలు తన చేతులతో పూర్తిచేయాలి. ఆయనకు మిగిలిన కోరిక అదొక్కటే.

ప్రయాణానికి నాలుగు రోజుల ముందు మా ప్రయోగశాలకు ఒక నమూనా వచ్చింది. ఖతీఫ్ పాత వాడలో ఒక పగడపురాతి ఇంటిని పునరుద్ధరిస్తున్నారు. పాత బీరువా జరిపితే దాని వెనక గోడకు, నేల నుంచి జానెడు ఎత్తున, వింత బొమ్మల పట్టీ కనబడింది. పని ఆపేశారు. పురావస్తు అధికారిణి వచ్చింది. ఆ తీరంలో అటువంటి ప్రాచీన వస్తువులు దొరకడం కొత్త కాదు, నదుల దేశం నుంచి పడవలు వచ్చిపోయిన తీరమే అది. అందుకని ఆశపడ్డారు. గోడ పూత వయస్సు చెప్పమని పూత ముక్కనూ, ఒక ఫొటోనూ మాకు పంపారు. ఫొటోలో గడ్డపాయన ఉన్నాడు. ముక్కు కొస విరిగి ఉంది. మేక కుడి కొమ్ము మీద గీటు ఉంది. ఆ గీటును నేను మోకాళ్ళ మీద కూర్చొని చూశాను.

రఫీక్‌కు ఫొటో చూపించాను. అతని నవ్వు ఆగిపోయింది. "యా అల్లా. నాలుగేళ్ళ కింద చెమ్మ దిగుతుందని కాకానే పూసిండు సార్ అది. దేంతో కొట్టావ్ అని అడిగితే? ఇరాక్ మాల్ సార్, పురానా మాల్. కేస్ అయితే ఎగ్జిట్ ఖలాస్. తారీఖుల మీద తారీఖులు. కాకా మళ్ళీ ఇల్లు చూడడు."

నమూనాను పొడి చేసి సూక్ష్మదర్శినిలో చూశాను. నేటి కార్ఖానా సిమెంటు రేణువులు స్పష్టంగా ఉన్నాయి. అది రాశాను. అది నిజం. అక్కడితో ఆపవలసింది. కానీ ఆధునికమని తెలిశాక ముద్ర దేనితో వేశారన్న ప్రశ్న వస్తుందని భయపడి, మరో వాక్యం చేర్చాను. 'ముద్ర పిల్లల ఆటవస్తువు వంటి దానితో వేసినదై ఉండవచ్చు. పూత నాసిరకం. శిక్షణ లేని కూలీ పనిగా తోస్తున్నది.' పదిహేడేళ్ళ ఉద్యోగంలో అదే నేను రాసిన మొదటి అబద్ధం. అనుభవం లేకపోవడం వల్ల అవసరానికి మించి రాశాను.

మర్నాడు మేస్త్రిని పిలిచి, ప్రమాదం తప్పించానని చెప్పి, రిపోర్టు చదివి వినిపించాను. కృతజ్ఞత ఆశించానని ఒప్పుకుంటున్నాను.

"ఏమన్నవ్? మల్ల సదువు."

"పూత నాసిరకం..."

"నాసిరకమా?"

"మేస్త్రీ, అది మిమ్మల్ని కాపాడేకి..."

"ఒకటికి నాలుగు కలిపిన! ఇసుక నేనే జల్లెడ పట్టిన! ఏడు దినాలు రోజు రెండు మాట్ల పోయి నీళ్ళు కొట్టిన, సొంత కాళ్ళతోటి! శిక్షణ లేని కూలీ? నీ నోట్లెకెళ్ళేనా అచ్చింది గిది? నువ్వు గుండు ఇడిసి సూసినవా?"

"జైలుకు పోతారు మేస్త్రీ!"

"పోత. మంచి మేస్త్రి జైలుకు పోయిండంటరు. నాసిరకపోడు ఇంటికి పోయిండనిపించుకుంటనా?"

రఫీక్ రెండు చేతులూ జోడించాడు. "కాకా, కల్లివల్లి చెయ్. వదిలెయ్. గురువారం ఫ్లైట్."

వదలలేదు. నేను తీసుకెళ్ళకపోతే నడిచి పోతానన్నాడు. తీసుకెళ్ళాం.

అధికారిణికి ముప్పై ఏళ్ళుంటాయి. తలగుడ్డ మీద పసుపుపచ్చ హెల్మెట్, చేతిలో కొలబద్ద. మేస్త్రి ఆమెకు సలాం చేయలేదు. గుమ్మంలో ఆగి ఒక కన్ను మూసి ఆ గది మూలను చూశాడు. తరువాత పక్కనున్న పనివాడి చేతిలోంచి సుత్తి లాక్కొని, ముద్రకు బారెడు దూరంలో తన పూతను ఈడ్చి కొట్టాడు. అందరూ అరిచారు. పూత రాలలేదు. సుత్తి ఎగిరింది.

"రఫీక్ భాయ్, ఆమెకు చెప్పు. గిది నాసిరకమేనా అడుగు."

రఫీక్ అరబ్బీలో చెప్పాడు. ఎంత చెప్పాడో, ఎంత మింగాడో నాకు తెలియదు. ఆమె గోడను చేత్తో తడిమి, నా వైపు తిరిగి ఇంగ్లీషులో అడిగింది, ఈ పూత నాసిరకమని ఎలా కొలిచారు? పదిహేడేళ్ళుగా నేను ఇతరులను అడుగుతున్న ప్రశ్న అది. కొలవలేదన్నాను. రిపోర్టు సవరిస్తానన్నాను. ఆమె తల ఊపి, ముద్ర దేనితో వేశావని మేస్త్రిని అడిగింది.

ఆయన వంగి నేలను ఒకసారి, రెండుసార్లు తట్టాడు. తరువాత గోడ కట్టేటప్పుడు వరుస చూసుకోవడానికి లాగే నూలు దారం మూడు మూరలు తెంపి, ముఖం గోడ వైపు తిప్పుకొని, చొక్కా కిందుగా నడుముకు కట్టుకున్నాడు. కొత్త ముడి గట్టిగా పడిందని రెండుసార్లు లాగి చూసుకున్నాక, అప్పుడు పాత మొలతాడు విప్పాడు. క్షణమాత్రం కూడా నడుము ఖాళీగా లేదు. రాయిని ఆమె అరచేతిలో పెట్టాడు. ఆమె దాన్ని కళ్ళ దగ్గర పెట్టుకొంటుంటే ఆగమని సైగ చేసి, చెక్క మీద పిడికెడు సిమెంటు మాలు కలిపి, తాపీతో నున్నగా దిద్ది, ముందుకు జరిపాడు. ఆమె దొర్లించింది. గడ్డపాయన, మనిషి, మేక, నెలవంక.

ఆమె రాయి ఎక్కడిదని అడిగింది. దిబ్బ, పార, సంచులు, పెంకులు, అన్నీ చెప్పాడు. రఫీక్ ఈసారి ఏమీ మింగినట్టు లేదు. ఆమె సిమెంటు బస్తా మీద కూర్చుండిపోయింది. కుండ పెంకులతో నిండిన సంచుల సంగతి వచ్చినప్పుడు హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"అసలైనది కావచ్చు," అంది చివరకు నాతో. "సైనికులకు అమ్మడానికి చేసినదీ కావచ్చు. కంటితో చెప్పలేను. పరీక్షించాలి."

కంటితో చెప్పలేను అన్న మనిషి ఆ చుట్టుపక్కల నాకు తగలడం అదే మొదటిసారి.

తానుగా తెచ్చి అప్పగించినట్టు కాగితం రాస్తానంది, కేసు ఉండదంది. అసలైనదని తేలితే ఆ దేశానికి తిరిగి పంపుతారు. కాదని తేలితే పోస్టులో ఇంటికి పంపుతారు. మేస్త్రి తన ఊరి చిరునామాను రఫీక్ చేత రాయించాడు. తరువాత వేలెత్తి ఒక షరతు పెట్టాడు.

"ముందుగాల పని మంచిగున్నదని రాయమను. గది రాసినంకనే ఆ రాయి సంగతి రాయమను."

ఆమె మొదటిసారి నవ్వింది. రాసింది. రఫీక్ చదివాడు, "జయ్యిద్. అంటే మంచిది."

"ఉత్త మంచిదేనా?"

ఆమెకు అర్థమైనట్టుంది. ఇంకో మాట చేర్చింది. "జయ్యిద్ జిద్దన్. చాలా మంచిది కాకా. ఇంక చాలు, నడువ్!"

గురువారం దమ్మామ్ విమానాశ్రయంలో దించాం. లోపలికి పోయేముందు ఆయన చేయి పదే పదే నడుము మీదికి పోతోంది. "అసలుదైతే ఆళ్ళూరికి పోతది సారూ. నకిలిదైతే నాకత్తది. రెండు తీర్ల నాకేం లుక్సాన్ లేదు," అన్నాడు. తర్కరీత్యా తప్పు పట్టడానికి చాలాసేపు ప్రయత్నించాను. దొరకలేదు.

ఆ వారమే రిపోర్టు సవరించాను. కూలీ అన్నచోట మేస్త్రి అని, కింద ఆయన పూర్తి పేరు రాశాను. మా నమూనా పత్రంలో పనివాడి పేరుకు గడి లేదు. అంచున రాయవలసి వచ్చింది.

ఊరికి పోయాక ఆయన ప్లాస్టరింగ్ మొదలుపెట్టాడు. ఒక్కడే, మోకాళ్ళ నొప్పితో, ఒక్కో గోడకు వారం. వీడియో కాల్ చేసి ముఖం చూపించేవాడు కాదు, గోడ చూపించేవాడు, దాని మీద వేలాడే గుండు చూపించేవాడు. ప్రతిసారీ చివర ఒకే మాట. "ఇంకా రాలే సారూ. రాలేదంటే అసలుదన్నట్టు." రాకపోవడం రుజువు కాదనీ, ఆఫీసుల్లో ఆలస్యం సహజమనీ, నేను ఆ అధికారిణికి రెండుసార్లు రాస్తే 'పరీక్షలో ఉంది' అనే జవాబొచ్చిందనీ చెప్పేవాణ్ణి. "నువ్వు గుండు పట్టుకోని ఉండు," అని ఫోను పెట్టేసేవాడు. తెలియనివన్నీ తనకు అనుకూలంగా లెక్కవేసుకొని ఇంత సంతోషంగా ఉన్న మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. పద్ధతి మాత్రం తప్పే.

శనివారం నాడు ఆయన భార్యతో మాట్లాడాను. పరామర్శ నాకు చేతకాదు. ఎట్లున్నారమ్మా అని అడిగి ఊరుకున్నాను. ఆమె కాసేపు ఏడ్చింది. తరువాత గొంతు సవరించుకొని, మామూలు గొంతుతో అడిగింది.

"సారూ, నువ్వు సదువుకున్నోనివి, ఒక మాట చెప్పు. ఇల్లంత పూసిండు. నున్నగ, అద్దం లెక్క. గడప పక్కన జానెడంత ఇడిసిండు. ఏందయ్యా గిదంటే, నా రాయి అత్తె గక్కడ కొడుత అన్నడు. మా మేనల్లుడు మేస్త్రిని తోలుకచ్చిండు, మూపియ్యాల్నా అంటున్నడు. అత్తదా సారూ ఆ రాయి, రాదా?"

రాదమ్మా, అది అసలైనదే, మూయించండి అని చెప్పవచ్చు. వినడానికి బాగుంటుంది. వస్తుంది, ఉంచండి అని కూడా చెప్పవచ్చు. రెండింటికీ నా దగ్గర రుజువు లేదు. ఒకసారి మేలు చేయబోయి రాసిన వాక్యం ఎటు దారి తీసిందో గుర్తుంది.

"నాకు తెల్దమ్మా," అన్నాను. "ఇంకా పరీక్షలో ఉండాదంట. ఎప్పుడు తేలుతాదో, అసలు తేలుతాదో లేదో కూడా తెల్దు."

అటువైపు ఆమె ఎవరితోనో, బహుశా ఆ కొత్త మేస్త్రితో, పో బిడ్డా, పొయ్యి చాయ తాగి పో అని చెప్పడం వినిపించింది.

"తెల్వకుంటె ఉండనీ తియ్యి సారూ," అంది నాతో. "పన్నెండేండ్లు ఇల్లంత ఇటుకలే సూసిన. గీ జానెడు సూడలేనా?"